డ్రైవరు లేని కారూ, మునియమ్మ దాటని రోడ్డూ

బెంగళూరు నుంచి తిరిగొచ్చి పది రోజులైంది. మా వీధిలో ఎవరు ఎదురుపడినా అడిగే ప్రశ్న ఒక్కటే: "నిజంగా ఆ కారులో డ్రైవరు లేడా?" ఉన్నాడు. పేరు మంజునాథ. ఊరు తుమకూరు దగ్గర. స్టీరింగు ముందు బుద్ధిగా కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా ఉండటమే అతని ఉద్యోగం. అందుకు నెలనెలా జీతం ఇస్తారు. అనంతపురంలో ముప్పైయొక్క ఏళ్ళు ప్రభుత్వ బస్సు తిప్పి, భుజాలు అరగదీసుకుని పదవీ విరమణ చేసిన నాకు ఈ సంగతి తెలిసిన పూట అన్నం సహించలేదు.

నన్ను పిలిచింది హారిక, మా చెల్లెలి కూతురు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. తనంతట తానే పోయే కారును రోడ్డు మీద పరీక్షించే జట్టులో ఉంది. "మామా, కారు రెడీగానే ఉంది. రోడ్డే రెడీగా లేదు. నీ కండ్లతో ఒకసారి చూసి చెప్తే చాలు. ఫైవ్ డేస్, అంతే" అంది ఫోనులో. డ్రైవరే అక్కర్లేదని బండి చేసినవాళ్ళకు డ్రైవరు సలహా కావాల్సి వచ్చిందా అని కాసేపు ఎగతాళి చేశాను. ఆ మరునాడే సంచి సర్దుకున్నాను.

బై టూ కాఫీ

దిగీదిగగానే హారిక నన్ను హోటలుకు తీసుకుపోయి "ఒక కాఫీ, బై టూ" అని చెప్పింది. ఒక్క కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసి ఇచ్చారు. మా ఊళ్ళో చుట్టాన్ని పిలిచి అరగ్లాసు కాఫీ పోస్తే ఆ మాట మూడు తరాలు చెప్పుకుంటారు. ఇక్కడ మా పక్క బల్ల దగ్గర మెడలో కార్డులు వేలాడేసుకున్న ఇద్దరు పెద్ద ఉద్యోగులు కూడా అలాగే తాగుతున్నారు. ఇరవై అయిదు రూపాయల కాఫీ మీద అంత స్నేహం నేనెక్కడా చూడలేదు.

తరవాత రోడ్డు చూశాను. రెండు కిలోమీటర్ల వన్‌వే. నా సర్వీసులో అంత ముస్తాబైన రోడ్డు మీద బండి నడిపే యోగం నాకు పట్టలేదు. అంచుల వెంట తెల్లగీతలు, మధ్యలో బాణాలు, స్పీడు బ్రేకర్ల మీద పసుపు నలుపు పట్టీలు. బోర్డులకు అడ్డమొచ్చే కొమ్మలు నరికేశారు. సగం దారిలో మనుషులు దాటడానికి జీబ్రా గీతలు, అటూ ఇటూ టపటపా కొట్టుకునే పసుపు దీపాలు. ఆ గీతల దగ్గర రోడ్డును చిన్న స్తంభాలతో ఇరుకు చేశారు. ముందు బండి ఆగితే వెనకవన్నీ ఆగాల్సిందే.

"మనిషైతే గీత లేకపోయినా అలవాటు మీద పోతాడు మామా. దీనికి గీత క్లియర్‌గా కనబడాల" అంది హారిక. శుక్రవారం అధికారులు వస్తారు. వాళ్ళ ముందు కారు ఈ రోడ్డు మీద మూడు చుట్లు తిరగాలి. మంజునాథ చెయ్యి స్టీరింగుకు తగలకూడదు, ఎక్కడా ఐదు నిమిషాలకు మించి ఆగకూడదు. నెగ్గితే గీతలూ దీపాలూ ఇక్కడే ఉంటాయి, వాటి బాగోగులు ప్రభుత్వం చూసుకుంటుంది. ఓడితే అన్నీ చెరిపి, పీకి, రోడ్డును పాత స్థితిలో అప్పగించాలి. పాత స్థితిలో అంత అపురూపమైనది ఏముందో నాకు అర్థం కాలేదు.

సాయంత్రం కారెక్కాను. స్టీరింగు దానంతటది తిరుగుతుంటే నా కుడికాలు దానంతటది ముందు సీటు కింద తొక్కడం మొదలుపెట్టింది. మంజునాథ అద్దంలో చూసి నవ్వాడు. "బ్రేక్ అక్కడ లేదు సార్. నాదీ అదే కష్ట. తొక్కితే నొప్పి లేదు, తొక్కకుండా ఉంటేనే సాయంత్రానికి కాలు నొస్తాది" అన్నాడు. రెండు కిలోమీటర్లూ అయ్యాక వెనకవీధిలోంచి మొదటికి రావాలి. ఆ వీధిలో మాత్రం అతనే నడుపుతాడు. అక్కడ అతని ముఖం చూడాలి, తప్పిపోయిన పిల్లాడు ఇల్లు చేరినట్టు ఉంటుంది.

ఆ మొదటి చుట్టులోనే కారు ఒకచోట టక్కున ఆగింది. ముందు ఎవరూ లేరు. రోడ్డు అంచున ఎవరో నాయకుడి పుట్టినరోజు కటౌటు ఉంది. నిలువెత్తు మనిషి, చేతులు జోడించి, ఒక కాలు ముందుకేసి. దాటబోతున్నాడేమోనని కారు మర్యాదగా ఆగింది. ఆయన నమస్కారం ఆపడు, ఇది కదలదు. చివరికి మంజునాథే నడపాల్సి వచ్చింది. హారిక తల పట్టుకుంది. "ఇవి ఎక్కడపడితే అక్కడ లేస్తాయమ్మీ. అంతసేపు నవ్వేవాడు నిజం మనిషి కాదని దానికి నేర్పండి" అని నా మొదటి సలహా ఇచ్చాను. రాసుకుంది.

మునియమ్మ కొట్టు

రెండోరోజు పొద్దున జీబ్రా గీతల పక్కనే ఉన్న ఇడ్లీ కొట్టు దగ్గర ఆగాను. కంచమంత ఇడ్లీ. తట్టె ఇడ్లీ అంటారు. రెండు నలభై రూపాయలు, పైన వెన్న వేస్తే ఇంకో పది. కొట్టు నడిపే మునియమ్మకు అరవై దాటాయి. వాళ్ళ తాతలు ఎప్పుడో మన వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు.

"ఏమప్పా, ఆ దెయ్యం బండి మనిషివా నువ్వు?" అని పలకరించింది.

మామను మాత్రమేనని చెప్పాను.

"అయితే మీ కోడలికి చెప్పు. పన్నెండేండ్ల నుంచి అడుగుతా ఉండాము, ఈడ దాటేదానికి నాలుగు గీతలు గీయండప్పా అని. అర్జీలు రాసి రాసి మా వీధిలో పిలకాయలకు దస్తూరి బాగుపడె. గీత మాత్రం పడలేదు. ఇప్పుడు చూడు, డ్రైవరు లేని బండి వస్తాదంటే రెండు దినాల్లో గీతలు, దీపాలు! ఇంట్లో ముసిలోల్లకు దుప్పటి లేదంట, అల్లుడు వస్తాడంటే పరుపే వేసిరంట."

నవ్వొచ్చింది. తరవాత ఆమె చెప్పింది విన్నాక నవ్వలేకపోయాను. కొట్టు ఈ పక్క, ఇల్లు సరిగ్గా ఎదురుగా ఆ పక్క. నిలబడితే వాకిలి కనిపిస్తుంది. పోయినేడాది ఆమె భర్త ఎర్రప్ప ఇడ్లీపిండి గిన్నె తీసుకుని దాటుతుంటే వ్యాను కొట్టేసింది. తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని ఇంట్లోనే ఉంటాడు. ఆనాటి నుంచి మునియమ్మ ఈ రోడ్డు దాటదు. ఎదురుగా కనిపించే ఇంటికి ఆటో ఎక్కి, కిలోమీటరు దూరంలోని సిగ్నల్ దాకా పోయి, చుట్టూ తిరిగి చేరుతుంది. రోజుకు నాలుగుసార్లు.

"ఇప్పుడు గీతలు ఉండాయి గదమ్మా" అన్నాను.

"ఉండాయి. సుమ్నే, ఊరికే ఉండాయి. ఎవరు ఆపుతా ఉండారు? నిన్న నిలబడి చూస్తిని. దీపాలు కొట్టుకుంటా ఉండాయి, బండ్లు పోతా ఉండాయి." గరిటె పక్కన పెట్టింది. "ఉండనీ అప్పా. ఈపొద్దు కాకపోతే రేపు ఎవడో ఒగడు ఆపుతాడు. గీతలంటూ ఉంటే ఆశ ఉంటాది. శుక్రవారం మీ బండి ఓడిపోతే పీకేస్తారంట గదా?"

 ఇడ్లీకి డబ్బులిచ్చి వచ్చేశాను.

పీణ్య: బోర్డులన్నీ చదివే గిరాకీ

మూడోరోజు మిగిలిన బోర్డులు తీసుకురావడానికి హారికతో పీణ్య పోయాను. సందు నిండా చిన్న చిన్న కార్ఖానాలు, ఇనుము కోసే చప్పుడు. బోర్డులు చేసే తిప్పేస్వామిది మడకశిర. అనంతపురం నుంచి వచ్చానని తెలియగానే పని ఆపేసి మమ్మల్ని భోజనానికి లాక్కుపోయాడు. రాగిముద్ద, మొలకెత్తిన ఉలవల సారు. ముద్దను నమలకూడదు, సారులో ముంచి మింగాలి. అది మనకు చెప్పక్కర్లేదు గానీ, హారిక మాత్రం ఆఫీసు క్యాంటీను అలవాటులో చెమ్చా అడిగింది. తిప్పేస్వామి చూసిన చూపుకు చెవులు ఎర్రబడి చేత్తోనే తినింది.

"ఇరవై ఏండ్లుగా బోర్డులు చేస్తా ఉండాను సార్. ముందు మలుపు ఉండాది, నిదానంగా పో, బడి ఉండాది. ఒక్కడు చదివినోడు లేడు. నా బండిమీద నేనే చదవను. ఈ పాప చెప్పింది, ఆ కారు ప్రతి బోర్డూ చదువుతాదంట. ఇన్నేండ్లకు నాకొక గిరాకీ దొరికినాడు" అన్నాడు. అని, అప్పటికే పూర్తయిన బోర్డును మళ్ళీ ఒకసారి గుడ్డతో తుడిచాడు. బడి ముందు పెట్టే అలాంటి బోర్డు దాటి రోజూ బస్సు తోలిన రోజులు నాకు గుర్తొచ్చాయి. హారన్ కొట్టడం గుర్తుంది, బోర్డు చదివినట్టు మాత్రం గుర్తులేదు.

తడి రంగు మీద

గురువారం పొద్దున చూస్తే కొత్తగీత మధ్యలో ఎవరో పైపు కోసం తవ్వేసి ఉన్నారు. బెంగళూరులో కొత్త రోడ్డుకు దిష్టి తీయడమంటే ఇదేనట. మధ్యాహ్నానికి పూడ్చి, మళ్ళీ రంగు వేసి, చుట్టూ టోపీల్లాంటి ఎర్ర ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టారు. మన స్కూటర్లవాళ్ళు దిగి, ఆ కోన్లను మర్యాదగా పక్కన పెట్టి, తడి రంగు మీదుగా పోయారు. వాళ్ళ మీద అరవబోయి నేనూ తొక్కాను. కొత్త చెప్పుల అచ్చులు పది అడుగుల దాకా పడ్డాయి. పనివాళ్ళు వాటి మీద నల్లరంగు పూస్తూ నన్ను చూశారంతే.

నా అచ్చులు చెరిపారు గానీ, రంగంటిన చక్రంతో ఒక స్కూటరు గీసిన తెల్లచారను ఎవరూ గమనించలేదు. సాయంత్రం కారు దాన్నే గీత అనుకుంది. ఎంతో నమ్మకంగా ఆ చార వెంట పోయి చెరుకురసం బండి ముందు ఆగింది. రసం తీసేవాడు అద్దంలోకి తొంగిచూసి "ఎష్టు గ్లాస్?" అని అడిగాడు. మంజునాథ రెండు వేళ్ళు చూపించాడు. నేనూ అతనూ పగలబడి నవ్వాం. హారిక నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి దానికి. "రేపు ఇట్లా చేస్తే మామా, మా ప్రాజెక్ట్ పోతే ఇంకోటి వస్తుంది. కానీ ఆ క్రాసింగ్ పోతే ఇంకో పన్నెండేండ్లు ఆ అమ్మ తిరగాల" అంది. హారిక కూడా మునియమ్మ దగ్గరే ఇడ్లీ తింటుందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

శుక్రవారం

రోడ్డు చివర పందిరి వేసి, కారు లోపలా బయటా కనపడేలా టీవీ పెట్టి అధికారుల్ని కూర్చోబెట్టారు. అనుమతి లేని ఆ కటౌటును నాయకుడి మనుషులే రాత్రికి రాత్రి తీసి ఎక్కడో దాచారు. నేను మునియమ్మ కొట్టు దగ్గర నిలబడ్డాను. మొదటి చుట్టు నిమ్మళంగా అయింది.

రెండో చుట్టు మొదలయ్యేసరికి పదకొండున్నర. మునియమ్మ భర్తకు అన్నం తీసుకుపోయే వేళ. క్యారియరు చేత పట్టుకుని, ఆటో కోసం, సరిగ్గా జీబ్రా గీతల అంచున వచ్చి నిలబడింది. కారు వచ్చింది. ఆమెను చూసింది. ఆగింది.

"నువ్వు కాదప్పా, నువ్వు పో" అని ఆమె చెయ్యి ఊపింది. కారు పోలేదు. మన ఊళ్ళల్లో చెయ్యి ఊపితే ఎంత పెద్ద లారీ అయినా ఎగిరి దూకుతుంది. దీనికి ఆ మర్యాద తెలియదు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది, కారు కదిలింది. దాని వెనక ఒక ఆటో కనిపించింది. "ఆటో!" అంటూ ఆమె ముందుకొచ్చింది, కారు ఆగింది. ఇలా మూడుసార్లు. వెనక ఆటోలూ బస్సులూ కలిపి అందుకున్న హారన్ల మోతకు కొట్టులో గిన్నెలు అదిరాయి. లోపల మంజునాథ రెండు చేతులూ పైకెత్తి కూర్చున్నాడు, తాను ముట్టుకోలేదని పందిట్లోవాళ్ళకు కనపడాలని.

నా ఫోను మోగింది. "మామా, ప్లీజ్, ఆ అమ్మను లోపలికి తీసుకుపో. మూడు నిమిషాలయింది!"

పరిగెత్తాను. మునియమ్మ భుజం పట్టుకుని వెనక్కి లాగబోయాను. అప్పుడు ఆమె చూస్తున్న వైపు చూశాను. ఎదురుగా వాకిట్లో ఎర్రప్ప కుర్చీలో కూర్చుని ఇటే చూస్తున్నాడు. మధ్యలో ఉన్నది పన్నెండు అడుగుల రోడ్డు. ఒక బండి, పన్నెండేళ్ళలో మొదటిసారి, ఆమె కోసం ఆగి నిలబడి ఉంది. ఆమెను పక్కకు లాగి దాన్ని పంపించేయడానికి నేను పరిగెత్తుకొచ్చాను. ముప్పైయొక్క ఏళ్ళలో ఒక్క ప్రమాదం చేయలేదని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి. అంచున నిలబడిన మనిషి కోసం ఒక్కసారి కూడా బస్సు ఆపలేదు, హారన్ కొట్టి వెనక్కి తోలాను. నాకు నిజంగా సిగ్గేసింది.

"వెనక్కి వద్దమ్మా. దాటు" అన్నాను.

"వద్దప్పా. ఆయప్ప పడింది ఈడనే."

"అది ఆగింది నీ కోసమే. నువ్వు దాటేదాకా పోదు. నేనూ వస్తాను పద."

"నిజంగా పోదా?"

"పోదు. దానికి తొందర లేదు."

ఆమె కారు కళ్ళలోకి చూసినట్టు దాని దీపాలకేసి కాసేపు చూసింది. క్యారియరును చంకలో బిగించుకుని, మొదటి తెల్లపట్టీ మీద కాలు పెట్టింది. రెండోది. మూడో పట్టీ మీద ఆగిపోయింది.  ఆమె అద్దంలోంచి మంజునాథను చూస్తోంది.

"చేతులు దించుకోప్పా, నొస్తాయి" అంది.

దించలేదు పాపం. ఆమె మిగిలిన పట్టీలు ఒక్కొక్కటే, పెళ్ళిలో ఏడడుగులు వేసినంత తీరిగ్గా దాటింది. మేము అవతల అడుగుపెట్టగానే కారు కదిలిపోయింది. ఎర్రప్ప భార్యను ఎగాదిగా చూసి, "ఏం, ఈపొద్దు ఇంత బిరిన వచ్చేస్తివి?" అని అడిగాడు.  ఆమె క్యారియరు కింద పెట్టి, పైటకొంగుతో ముఖం కప్పుకుంది.

కొట్టుకు తిరిగి వెళ్ళాలి గదా. గీతల దగ్గరికి వచ్చి నిలబడ్డాం. కారు లేదు, ఆటోలూ బస్సులూ ఉన్నాయి. దీపాలు కొట్టుకుంటున్నాయి. నేను చెయ్యెత్తి ఒక అడుగు వేశాను. నా జాతివాడే, ఒక బస్సు డ్రైవరు, హారన్ మీద చెయ్యి తీయకుండా నా బొటనవేలి పక్కనుంచి పోయాడు. వెనక్కి గెంతాను. "చూస్తివా? ఈ గీతలు ఆ బండికి కనిపిస్తాయప్పా, మనుషులకు కనిపించవు" అని మునియమ్మ అరుగు మీద కూర్చుంది. పావుగంట తరవాత మూడో చుట్టుకు కారు వచ్చింది. ఆమె లేచి, నన్ను పిలవకుండానే, తానే దాటింది.

కారు నెగ్గింది. టీవీలో మునియమ్మను చూసి అధికారులు చప్పట్లు కొట్టారట. ఆవిడను ఎవరు ఏర్పాటు చేశారు, చాలా సహజంగా ఉంది అని ఒకాయన మెచ్చుకున్నాడట. 

ఎనిమిది గంటలకు

నిన్న హారిక ఫోన్ చేసింది. గీతలు ఉన్నాయి, దీపాలు ఉన్నాయి. బండ్లు ఇప్పటికీ ఆగవు. అయితే కారు రోజూ పొద్దున ఎనిమిదింటికి మొదటి చుట్టు తిరుగుతుంది. అది మునియమ్మకు తెలుసు. ఏడూ యాభైకే పిండి గిన్నెతో గీతల దగ్గర నిలబడుతుందట. మొదట్లో ఒక్కతే. ఇప్పుడు బడిపిల్లలు, ఇద్దరు ముసలివాళ్ళు, చంటిబిడ్డతో ఒకామె, అందరూ ఆమె వెనకే నిలబడుతున్నారట. కారు ఆగుతుంది. దాని వెనక తిట్టుకుంటూ అన్నీ ఆగుతాయి. వీళ్ళు దాటుతారు. కారు ఎక్కువసేపు ఆగుతోందని పైవాళ్ళు అడిగితే రోడ్డు పరీక్షలో అదీ భాగమేనని హారిక రాసి పంపిందట.

ఆ గుంపులో అందరికన్నా చివర నాలుగు కాళ్ళ ఊతకర్రతో ఎర్రప్ప దాటుతాడట. పూర్తిగా నాలుగు నిమిషాలు పడుతుంది, మంజునాథ గడియారం చూస్తూ కూర్చుంటాడు. ఏడాదిగా ఇల్లు కదలని ఎర్రప్ప ఇప్పుడు కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు. ఆదివారం కారుకు సెలవు. ఆ రోజు అతను ఇంట్లోనే ఉండిపోతాడట.